లెక్కల దగ్గర ఆగిపోయిన పిల్లలకు నేర్పడం ఎలా: పుల్లల నుంచి భిన్నాల దాకా

52లోంచి 27 తీసెయ్యమంటే ఒక పాప 35 అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డగీత పడింది, పక్కన "జాగ్రత్తగా చెయ్యి" అని కూడా పడింది. నిజానికి ఆ పాప జాగ్రత్తగానే చేసింది. 5లోంచి 2 పోతే 3. ఒకట్ల దగ్గర 2, 7 కనిపించాయి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని ఎప్పుడో ఎవరో చెప్పిన మాట గుర్తుంది కాబట్టి 7లోంచి 2 తీసి 5 వేసింది. ఇలాంటివి పది ఇస్తే పదీ ఇలాగే చేస్తుంది. అంటే తను ఒక నియమం ప్రకారమే నడుస్తోంది, కాకపోతే ఆ నియమమే తప్పు. జాగ్రత్తగా చెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా ఆ నియమం అక్కడే ఉంటుంది.

లెక్కలు రాని పిల్లలకు నేర్పేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. తప్పు జవాబు వెనక పిల్లలు ఏం అనుకుంటున్నారో దొరికితే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో దొరికినట్టే. అది చాలాసార్లు వాళ్లు చదివే తరగతికి రెండు మూడు తరగతుల కింద ఉంటుంది. అక్కడికి దిగడానికి పెద్దవాళ్లకే మొహమాటం. ఐదో తరగతి పిల్లవాడితో పుల్లలు లెక్కపెట్టించడమా అని.

తెలివికి లోటు లేకుండా, బడికి సరిగ్గా వెళ్తూ కూడా అంకెల దగ్గర మాత్రం ఏళ్ల తరబడి తడబడే పిల్లలున్నారు. దీన్ని డిస్కాల్కులియా అంటారు. సుమారు 3 నుంచి 7 శాతం పిల్లల్లో ఉంటుందని అంచనా. చదవడంలో ఇబ్బంది, ఏకాగ్రత నిలవకపోవడం కూడా దీనితో కలిసి రావచ్చు. అయితే లెక్కలు రాని ప్రతి పిల్లకూ డిస్కాల్కులియా ఉన్నట్టు కాదు. బోర్డు సరిగ్గా కనిపించకపోవచ్చు, టీచర్ మాట సరిగ్గా వినిపించకపోవచ్చు, మధ్యలో ఒక ఏడాది చదువు పోయి ఉండవచ్చు, లెక్కలంటేనే భయం పట్టుకుని ఉండవచ్చు. అందుకే మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. పేరు పెట్టే పని నిపుణులది. కింద చెప్పే పద్ధతులు కారణం ఏదైనా పనికొస్తాయి, పరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మొదటి మెట్టు: ఎక్కడ ఆగారో కనుక్కోవడం

ఒక అరగంట తీరిక చేసుకుని, దాన్ని రెండు రోజులకు పంచండి. ఆ రెండు రోజులూ ఏమీ నేర్పకండి. నోరు కట్టుకోవడం కష్టమే, కానీ మధ్యలో సరిదిద్దడం మొదలుపెడితే పిల్లలు మన మొహం చూసి జవాబులు చెప్తారు.

ఒక కాగితం మీద నాలుగు చుక్కలు పెట్టి, ఒక్క క్షణం చూపించి దాచెయ్యండి. మూడు నాలుగు వస్తువుల దాకా మనుషులు లెక్కపెట్టకుండానే చూపుతో పట్టేస్తారు. నాలుగు చుక్కలకే వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టాల్సి వస్తే, సమస్య బాగా కింద ఉందని అర్థం. తర్వాత పన్నెండు గింజలు పోసి లెక్కపెట్టమనండి. పూర్తయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే, చివర పలికిన అంకే మొత్తం అన్న సంగతి ఇంకా కుదురుకోలేదన్నమాట. అవే గింజలను అటూ ఇటూ జరిపి "ఇప్పుడెన్ని?" అనండి. మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెడితే ఇంకో ఆధారం దొరికినట్టు. లెక్కపెట్టడం మనకు ఒకే పనిలా కనిపిస్తుంది కానీ అందులో ఐదు సూత్రాలు ఇమిడి ఉన్నాయని గెల్‌మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే విడమరిచి చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె, అంకెల వరస మారకపోవడం, చివరి అంకే మొత్తం, దేన్నయినా లెక్కపెట్టవచ్చు, ఎటు నుంచి లెక్కపెట్టినా ఒకటే. వీటిలో ఏది లోపించినా పైన కట్టేదంతా ఊగుతుంది.

ఆపైన ఇవి అడగండి. 7 నుంచి ముందుకు లెక్కపెట్టు. 23 నుంచి వెనక్కి లెక్కపెట్టు. 69, 71లో ఏది పెద్దది? నూట ఆరు అంకెల్లో రాయి. ఒక గీత గీసి ఈ చివర 0, ఆ చివర 100 రాసి, 60 ఎక్కడుంటుందో చూపించమనండి. 8 కి 5 కలిపితే ఎంత?

ప్రతి జవాబుకూ, సరైనదానికి కూడా, "ఎలా చేశావు?" అని అడగాలి. తప్పు వచ్చినప్పుడు మాత్రమే అడిగితే, ఆ ప్రశ్న వినగానే తప్పు చేశామని పిల్లలకు తెలిసిపోతుంది. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. 8+5 కి 13 అని ఇద్దరు పిల్లలు చెప్పారనుకోండి. ఒకరు ఒకటి నుంచి మొదలుపెట్టి పదమూడు దాకా వేళ్ల మీద లెక్కపెట్టారు. ఇంకొకరు 8 కి 2 కలిపి పది చేసి, మిగిలిన 3 వేశారు. మార్కులు ఇద్దరికీ ఒకటే, దారులు మాత్రం వేరు.

రెండో మెట్టు: పది లోపు అంకెలతో చుట్టరికం

ఇక్కడ తొందరపడితే తర్వాత ప్రతి చోటా దెబ్బ తగులుతుంది. 7 అంటే ఏడుసార్లు లెక్కపెట్టగా వచ్చేది మాత్రమే కాదు, 5కి పైన 2, 10కి 3 తక్కువ, 3, 4 కలిసిందీ అదే. ఈ చుట్టరికాలు తెలియని పిల్లలకు ప్రతి కూడికా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడమే.

రెండు వరసల్లో ఐదేసి గళ్లు, మొత్తం పది గళ్లు గీయండి. ఏడు గింజలు పెడితే పై వరస నిండి కింద రెండు ఉంటాయి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఖాళీ, రెండు ప్రశ్నలూ అడగండి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. కొన్ని రోజులకు గింజలు చూడగానే చెప్పేస్తారు, ఆ తర్వాత గళ్లు లేకుండా, కళ్లు మూసుకుని ఊహించి చెప్పమనాలి.

దాచే ఆట కూడా ఆడండి. ఆరు గింజలు చూపించి, కొన్ని గుప్పిట్లో దాచి, మిగిలినవి బల్ల మీద వదిలి "నా చేతిలో ఎన్ని?" అని అడగడం. ఆరుతో తడుముకోకుండా చెప్పేదాకా ఏడుకు వెళ్లకండి. పదికి వచ్చాక మాత్రం వారాల తరబడి ఉండండి. 1-9, 2-8, 3-7, 4-6, 5-5 అనే ఈ ఐదు జంటలు నోటికి, చేతికి, కంటికి వచ్చేస్తే ఇరవై లోపు కూడికలు సగం తేలికవుతాయి. 6+7 లాంటివి జంట అంకెల పక్కనుంచి వస్తాయి. 6, 6 పన్నెండు, ఇంకొకటి.

వేళ్ల మీద లెక్కపెట్టడం మాన్పించాలా అని దాదాపు ప్రతి తల్లీ తండ్రీ అడుగుతారు. అక్కర్లేదు. వేళ్లు ఎప్పుడూ దగ్గరుండే సామాను. మాన్పించాల్సింది వేళ్లను కాదు, ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టే అలవాటును. ఒక చెయ్యి తెరిస్తే లెక్కపెట్టకుండానే ఐదు అని, ఐదూ మూడూ చూపిస్తే ఎనిమిది అని వస్తే వేళ్లే మంచి బొమ్మ. బల్ల కింద దాచుకుని లెక్కపెట్టే స్థితి వచ్చిందంటే ఎవరో తిట్టారన్నమాట.

మూడో మెట్టు: పదులు, ఒకట్లు

నా అనుభవంలో ఎక్కువ మంది పిల్లలు జారిపోయేది ఇక్కడే. నూట ఆరు రాయమంటే 1006 అని రాస్తారు. వినపడింది వినపడినట్టు నూరు, దాని పక్కన ఆరు. ఇందులో ఒక తర్కం ఉంది, దాన్ని వెక్కిరించకూడదు.

పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చుకోండి. పది పుల్లలు పోగవగానే పిల్లలే కట్ట కట్టాలి. మీరు కట్టి ఇచ్చిన కట్ట వాళ్లకు ఒక వస్తువు, వాళ్లు కట్టిన కట్ట మాత్రం పది. పది కట్టలు చేరితే ఇంకో పెద్ద కట్ట. 34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. పక్కనే కాగితం మీద 34 రాయాలి. పుల్లలు ఒక పూట, రాత ఇంకో పూట అయితే రెండింటికీ సంబంధం కుదరదు.

మాటల సంగతి కూడా చూసుకోండి. తెలుగులో పదమూడు అంటే పది, మూడు అని చెవికి తెలుస్తుంది, రాసే వరస కూడా అదే. ఇంగ్లిష్‌లో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది, దాంతో 31 రాసేవాళ్లుంటారు. థర్టీన్, థర్టీ మధ్య తేడా చివరి శబ్దంలో మాత్రమే ఉంది. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా ఈ మెట్టు దగ్గర తెలుగు అంకెలు పలికించి చూడండి, కొందరికి ముడి అక్కడే విడిపోతుంది. తెలుగులోనూ చిక్కులు లేకపోలేదు. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది దగ్గర పది కాస్త దాక్కుంటుంది. ఇరవై, అరవై చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. కొన్ని వారాలు "ఆరు పదుల రెండు" అని పలికించి తర్వాత అరవై రెండుకు రావడం నాకు బాగా పనిచేసింది.

1006 సమస్యకు కాగితం ముక్కలే మందు. 100 ఒక పొడవాటి ముక్క మీద, 6 ఒక చిన్న ముక్క మీద రాసి, 6ను 100 చివరి సున్నా మీద పెట్టించండి. 106 కనిపిస్తుంది. ముక్క పైకెత్తితే కింద సున్నా అలాగే ఉంది. ఒకట్లు లేని చోటును కాపలా కాసే సున్నా అది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పాప దగ్గరికి రావచ్చు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి ఇరవై ఏడు తీసి ఇవ్వమన్నప్పుడు పాప రెండు కట్టలు ఇచ్చింది. ఇంకా ఏడు ఇవ్వాలి. చేతిలో విడివి రెండే ఉన్నాయి. కాసేపు చూసింది, తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట రబ్బరు బ్యాండ్ తీసేసింది. "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం" అని మనం ఏళ్ల తరబడి చెప్పేది ఈ రబ్బరు బ్యాండ్ తీయడమే. నాకు ఆ అప్పు మాట నచ్చదు, అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా. "కట్ట విప్పాను" అంటే సరిపోతుంది.

నాలుగో మెట్టు: వస్తువు, బొమ్మ, అంకె

నేర్చుకునేది ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, ఆఖరున గుర్తులతో సాగుతుందన్న ఆలోచనను మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లో బలంగా ముందుకు తెచ్చాడు. దీన్ని అందరూ ఒప్పుకుంటారు, మధ్యలో బొమ్మను మాత్రం ఎగరగొట్టేస్తారు. పుల్లల నుంచి తిన్నగా అంకెలకు దూకితే, పుల్లలు తీసెయ్యగానే పిల్లల చేతిలో ఏమీ మిగలదు. పుల్లల కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు ఒక చుక్క. 52 అంటే ఐదు గీతలు, రెండు చుక్కలు. ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడమంటే కట్ట విప్పడమే. ఇలా గీసుకునే పిల్లలు పరీక్షలో కూడా చిత్తు కాగితం మీద గీసుకోగలరు.

బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్విజినేర్ తయారుచేసిన రంగు కడ్డీలు 1 సెంటీమీటరు నుంచి 10 సెంటీమీటర్ల దాకా ఉంటాయి, ఒక్కో పొడవుకు ఒక్కో రంగు. 7 సెంటీమీటర్ల కడ్డీ పక్కన ఏ రెండు కడ్డీలు పెడితే సరిపోతాయో వెతికించవచ్చు. లెక్కపెట్టే అలవాటు వదలని పిల్లలకు ఇవి మంచివి, ఎందుకంటే వాటి మీద లెక్కపెట్టడానికి గీతలుండవు. అట్టముక్కలు అదే కొలతలకు కత్తిరించి రంగులు వేసుకున్నా ఫరవాలేదు.

ఐదో మెట్టు: సంఖ్యారేఖ మీద నడక

2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు ఒక చిన్న ప్రయోగం వివరాలు ప్రచురించారు. పేద కుటుంబాల నుంచి వచ్చిన నాలుగైదేళ్ల పిల్లలతో 1 నుంచి 10 దాకా వరసగా గళ్లున్న ఆట ఆడించారు. పావుగంట చొప్పున నాలుగుసార్లు, అంతే. అంకెల గళ్ల మీద ఆడినవాళ్లు అంకెలు గుర్తుపట్టడంలో, పోల్చడంలో మెరుగయ్యారు, తొమ్మిది వారాల తర్వాత చూసినా ఆ లాభం నిలిచింది. అంకెల బదులు రంగుల గళ్ల మీద ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు.

ఒక అట్టముక్క మీద మీరే గీసుకోండి. గళ్లన్నీ ఒకే కొలతలో, ఒకే వరసలో ఉండాలి. ఒక చిన్న నియమం మాత్రం వదలకండి. గవ్వ 5 మీద ఉండి రెండు గళ్లు జరపాల్సి వస్తే "ఒకటి, రెండు" అనకూడదు, "ఆరు, ఏడు" అంటూ జరపాలి. అప్పుడే ఆట లెక్కవుతుంది. వైకుంఠపాళి ఇక్కడ అంతగా పనికిరాదు. వరస వరసకూ దిక్కు మారుతుంది, పెద్ద అంకె ఎటుందో తడబడే పిల్లలకు అదో కొత్త చిక్కు.

ఆరో మెట్టు: ఎక్కాలు

ఎక్కాల పుస్తకం చూస్తేనే ఏడుపొచ్చే పిల్లలుంటారు. 1 నుంచి 10 దాకా పది ఎక్కాలు, ఒక్కోదాంట్లో పది. మొత్తం వంద. బట్టీ పట్టడానికి జ్ఞాపకశక్తి సహకరించని పిల్లల ముందు ఈ వందా ఒకేసారి పెట్టడం అన్యాయం. దాన్ని వాళ్ల కళ్ల ముందే తగ్గించండి. వంద గళ్ల పట్టిక గీసి, తేలిపోయినవాటికి రంగు వేయించుకుంటూ పోవాలి.

3×7, 7×3 ఒకటేనని గింజల వరసలు పేర్చి, కాగితాన్ని పక్కకు తిప్పి చూపించండి. అక్కడితో వంద కాస్తా 55 అవుతుంది. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు చాలామందికి వస్తాయి. అవి తీసేస్తే మిగిలేది 21. తొమ్మిదో ఎక్కం పదో ఎక్కంలోంచి ఒకసారి తగ్గించడమే, 9×7 అంటే 70లోంచి 7 తీస్తే 63. నాలుగో ఎక్కం రెండింతలకు రెండింతలు, 7 కి రెండింతలు 14, దానికి రెండింతలు 28. మూడో ఎక్కం రెండింతలకు ఇంకొకటి, 3×8 అంటే 16, 8 కలిపి 24. ఇప్పుడు లెక్కపెట్టమనండి. మిగిలినవి ఆరు: 6×6, 6×7, 6×8, 7×7, 7×8, 8×8.

వందలోంచి ఆరుకు వచ్చినప్పుడు పిల్లల మొహం చూడాలి. ఆ ఆరు కూడా ఐదో ఎక్కం నుంచి పుడతాయి. ఏడు ఎనిమిదులు ఎంతో గుర్తు రాకపోతే ఐదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16, మొత్తం 56. వరసగా పాడే ఎక్కాలకు నేను వ్యతిరేకిని కాను, పాట గుర్తుండే పిల్లలకు అది వరం. అయితే పాట మధ్యలో ఆగినప్పుడు మొదటికి పోకుండా చేరుకునే దారి ఒకటి ఉండాలి.

ఏడో మెట్టు: మాటల లెక్కలు

"ఎక్కువ అంటే కూడిక, మిగిలినవి అంటే తీసివేత" అని చాలా చోట్ల నేర్పుతారు. దయచేసి నేర్పకండి. ఈ లెక్క చూడండి: అక్క దగ్గర 12 గోళీలు ఉన్నాయి. తమ్ముడి దగ్గర ఉన్నవాటికంటే అవి 4 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని? ఎక్కువ అన్న మాట పట్టుకున్న పిల్లలు 16 అంటారు. జవాబు 8.

దీనికి విరుగుడు పట్టీల బొమ్మ. అక్కకో పొడుగు పట్టీ, తమ్ముడికో పొట్టి పట్టీ గీయించి, తేడా దగ్గర 4 రాయించండి. ఎవరిది పొడుగో తేలాక లెక్క తేలికే. అంతకంటే ముందు చేయించాల్సింది ఇంకొకటి ఉంది. అంకెలు తీసేసి కథ మాత్రమే చెప్పండి. "అక్క దగ్గర కొన్ని గోళీలు ఉన్నాయి, తమ్ముడి దగ్గర అంతకంటే తక్కువ ఉన్నాయి." ఎవరి దగ్గర ఎక్కువ, ఏం అడుగుతున్నారు అని వాళ్ల మాటల్లో చెప్పించండి. చదవడంలో కూడా ఇబ్బంది ఉన్న పిల్లలకు లెక్క మీరే చదివి వినిపించండి. ఇక్కడ పరీక్షించేది చదవడాన్ని కాదు.

ఎనిమిదో మెట్టు: భిన్నాలు

3 కంటే 4 పెద్దది కాబట్టి మూడో వంతు కంటే నాలుగో వంతు పెద్దదని పిల్లలు అనుకోవడం సహజం. ఒకే పొడవున్న కాగితం పట్టీలు నాలుగైదు కత్తిరించి, ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని నాలుగుగా మడతపెట్టించి ఒకదాని కింద ఒకటి పెట్టించండి. వాటా ఎక్కువమందికైతే ముక్క చిన్నదని వాళ్లే అంటారు. గుండ్రటి బొమ్మలకంటే పట్టీలు మేలు, వాటిని సంఖ్యారేఖ మీద పరవచ్చు. లవం, హారం అనే పేర్లు ఇదంతా అయ్యాక చెప్పుకోవచ్చు.

ఒక పూట ఎలా గడవాలి

ఇరవై నిమిషాలు చాలు, కానీ వారంలో నాలుగైదు రోజులు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం వృథా, ఇద్దరికీ తలనొప్పి. మొదటి ఐదు నిమిషాలు వచ్చినవే చేయించండి. తర్వాత కొత్తది ఒకే ఒక్కటి. ముందు మీరు ఒక లెక్క పైకి మాట్లాడుకుంటూ చేసి చూపించండి, అలాంటిదే ఇంకొకటి వాళ్లు చెయ్యాలి, మళ్లీ మీరు, మళ్లీ వాళ్లు. చివర నిన్నటిది, పోయిన వారానిది, పోయిన నెలది ఒక్కొక్కటి అడగండి. ఈ పిల్లలు ఈరోజు వచ్చింది రేపు మర్చిపోతారు, అది బద్ధకం కాదు. మర్చిపోబోయే సమయానికి మళ్లీ తగలాలి.

గడియారం పక్కన పెట్టండి. నిమిషానికి ఎన్ని లెక్కలు అనే పోటీలు ఈ పిల్లలకు పెట్టకూడదు. టెన్షన్ వచ్చినప్పుడు, లెక్క మధ్యలో అంకెలను మనసులో పట్టుకుని ఉంచే చోటును ఆ భయమే ఆక్రమిస్తుంది, వచ్చిన లెక్క కూడా రాకుండా పోతుంది. బోర్డు దగ్గరికి పిలిచి అందరి ముందూ చేయించడమూ ఇంతే. ఇంట్లో "నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదులే" అని ఓదార్చడం ప్రేమతోనే కానీ, పిల్లలకు అది వంశపారంపర్యంగా వినిపిస్తుంది.

అంకెలు వంకరగా పడి పదుల కింద ఒకట్లు వచ్చేస్తుంటే గళ్ల నోట్‌బుక్ ఇవ్వండి, గడికి ఒక అంకె. పేజీకి నాలుగు లెక్కలకు మించి వద్దు. మాటల లెక్కలు, భిన్నాల లాంటివి నేర్చుకునేటప్పుడు ఎక్కాల పట్టిక, క్యాలిక్యులేటర్ దగ్గర ఉండనివ్వండి, ఆలోచించే ఓపికంతా 7×8 దగ్గరే ఖర్చవకుండా. ఎక్కాలకు వేరే సమయం ఉంది కదా.

ఒక మెట్టు దాటారని ఎప్పుడనుకోవాలి? మూడు వేర్వేరు రోజుల్లో, సామాను లేకుండా, ఎలా చేశారో చెప్పగలిగినప్పుడు. ఒకే రోజు పది లెక్కలు సరిగ్గా వస్తే చాలదు.

ఇలా క్రమం తప్పకుండా ఆరు నెలలు చేశాక కూడా చిన్న కూడికల దగ్గరే తడబాటు ఉంటే, అభ్యసన ఇబ్బందులు పరీక్షించే మనస్తత్వ నిపుణులకు చూపించండి. ఈ పరీక్షల్లో వాళ్లు చూసే విషయాల్లో ఒకటి, సాయం అందినా కనీసం 6 నెలలుగా ఇబ్బంది కొనసాగుతోందా అన్నది. వెళ్లేటప్పుడు మార్కుల కాగితాలతో పాటు, "ఎలా చేశావు?" అని అడిగి రాసుకున్న ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి.